పోరంబోకుకు పట్టా ఎవరిచ్చారు?

ఐపీఎల్ ఆఖరి వారాల్లోకి వచ్చేసరికి టీవీలో వ్యాఖ్యాతల నోట ఒక మాట తప్పకుండా వినపడుతుంది. ఫలానా జట్టుకు ఈసారి వుడెన్ స్పూన్ ఖాయం అంటారు. పట్టికలో అట్టడుగున మిగిలిపోయిందని దానర్థం. ఆ మాట నెల్లూరు జిల్లా ఉదయగిరిలో కూర్చుని వింటే మాత్రం నవ్వొస్తుంది. అక్కడ చెక్క స్పూను అంటే ఊరి పరువు. దుర్గం కొండల మీద దొరికే నర్ది, బిక్కి లాంటి గట్టి కట్టెను కోసి, చెక్కి, ఆకురాయితో నునుపు తేల్చి, పిడి మీద సన్నటి నగిషీ దించి అమ్ముతారు. ఆ పనితనానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఉదయగిరిలో కూలి తెచ్చే సరుకు ఇంగ్లీషువాడి నోట ఓటమికి ఎట్లా గుర్తయింది?

కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో గణితం ఆనర్సు పరీక్ష ఒకటుంది, ట్రైపోస్ అంటారు. పాసైనవాళ్ళ పేర్లు మార్కుల వరసన ప్రకటించేవారు. ఆ వరసలో అందరికన్నా కింద నిలిచినవాడు పట్టా పుచ్చుకోవడానికి వచ్చినప్పుడు, తోటి విద్యార్థులు సెనేట్ హౌస్ మేడ మీది నుంచి పెద్ద చెక్క గరిటెను తాడు కట్టి అతని ముందుకు దించేవారు. పోనుపోను ఆ గరిటెలు పెరిగాయి. 1909లో ఇచ్చిన చివరిది పడవ తెడ్డుతో చేసింది, మీటరుకు పైనే పొడవు. మరుసటి ఏడు నుంచి మార్కుల వరస ప్రకటించడమే మానేశారు కాబట్టి గరిటె ఆగింది, మాట ఆగలేదు. రగ్బీ ఆటగాళ్ళు అందుకున్నారు, అక్కడి నుంచి క్రికెట్‌కు వచ్చింది. గమనించాల్సింది ఏమంటే, గరిటె అందుకున్నవాడు తప్పినవాడు కాదు. ఆనర్సు పాసైనవాడే!

ఇంగ్లీషు స్లాంగు వంశంలో ఇట్లా కాలేజీ మెట్లెక్కిన శాఖ చిన్నది. మూలపురుషులు దొంగలు, దేశదిమ్మరులు. 'స్లాంగ్' అనే మాట 1756 ప్రాంతంలో అచ్చులో కనపడేనాటికి దానర్థం అట్లాంటివాళ్ళ పలుకు అనే. అంతకు దాదాపు రెండు వందల ఏళ్ళ కిందటే థామస్ హార్మన్ అని కెంట్ సీమలో ఒక భూస్వామి ఉండేవాడు. తన గుమ్మంలోకి వచ్చిన బిచ్చగాళ్ళను, తిరుగుబోతులను కూర్చోబెట్టి మాట్లాడించి, వాళ్ళ గుట్టుమాటలు రాసుకుని పుస్తకం వేశాడు. దాని 1567 ప్రతులు ఇప్పటికీ ఉన్నాయి. తాగుడుకు వాళ్ళు వాడిన 'బౌస్' ఇవాళ్టి 'బూజ్'. బట్టలకు వాళ్ళన్న 'డడ్స్' ఇంకా బతికే ఉంది. 1785లో ఫ్రాన్సిస్ గ్రోస్ అనే మాజీ సైనికాధికారి లండన్ మురికివాడల్లో రాత్రిపూట తిరిగి ఏకంగా నిఘంటువే కట్టాడు. పామర భాషకు 'క్లాసికల్' డిక్షనరీ అని పేరు పెట్టడంలోనే ఆయన వెటకారం తెలుస్తుంది.

పోలీసులకు తప్పని పేర్లు ఆ తర్వాత వచ్చాయి. 1829లో రాబర్ట్ పీల్ లండన్ పోలీసు దళం పెట్టగానే, జనం ఆయన ఇంటిపేరుతో 'పీలర్' అన్నారు, ముద్దుపేరుతో 'బాబీ' అన్నారు. మనవాళ్ళు 'మామ' అంటారు కదా, అట్లాగే. బండ్ల మీద పండ్లు కూరగాయలు అమ్మే లండన్ వ్యాపారులు మాటను వెనక్కి తిప్పి పలికేవారు. బాయ్ అనే మాట వాళ్ళ నోట తిరగబడి 'యాబ్' అయింది. ఇవాళ అల్లరిచిల్లరగా తిరిగే కుర్రాణ్ణి ఇంగ్లండులో అట్లాగే పిలుస్తారు. మన పిలకాయలు అక్షరం ముందర 'క' చేర్చి 'కనుకవ్వు కరా' అని పెద్దవాళ్ళకు అంతుపట్టకుండా మాట్లాడుకునే విద్య కూడా ఈ కోవలోదే. పిల్లల ఆటేమోగానీ వ్యాపారంలో అది తిండిపెట్టే విద్య. కోమట్లకు దమ్మిడీ నుంచి వెయ్యి రూపాయల దాకా ధరలు చెప్పుకోవడానికి వేరే గుట్టుమాటలు ఉన్నాయని ఎడ్గర్ థర్‌స్టన్ 1909లో దక్షిణాది కులాల మీద వేసిన ఏడు సంపుటాల్లో పట్టీలతో సహా రాశాడు. పశువుల సంతలో ఆ మాటలు కూడా ఉండవు. తుండుగుడ్డ కింద వేళ్ళు పట్టి బేరం కానిస్తారు, పక్కన నిలబడ్డవాడికి ఎద్దు కనపడుతుంది గానీ ధర వినపడదు.

ఇంతవరకు అక్కడికీ ఇక్కడికీ పెద్ద తేడా లేదు. అసలు తేడా తిట్ల దగ్గర ఉంది. ఇంగ్లీషు వీధిమాట దొంగల నోట పుట్టి మెల్లగా నిఘంటువు ఎక్కింది. పడమటి నెల్లూరులో రోజూ చెవినపడే గట్టి తిట్లేమో చాలావరకు సర్కారు కాగితంలో పుట్టి వీధిలోకి దిగాయి. మన తిట్లకు కన్నతల్లి సారాకొట్టు కాదు, తాలూకా కచేరీ.

'పోరంబోకు' ఉంది కదా, ఆత్మకూరు బస్టాండులో సీటు మీద వేసిన తువ్వాలు ఎవరన్నా తీసేస్తే మూడో మాటకు అదే పడుతుంది. తమిళంలో 'పురం' అంటే బయట, 'పోక్కు' అంటే పోవడం. శిస్తు లెక్కకు బయట పోయిన నేల అది. చెరువు గర్భం, వాగు, బండ్లబాట, శ్మశానం, పశువులు తిరిగే బీడు, ఇవన్నీ పోరంబోకులు. ఎవరికీ పట్టా ఉండదు, ఎవరూ శిస్తు కట్టరు, ఊరంతా వాడుకుంటుంది. నెల్లూరు జిల్లా 1953 అక్టోబరు 1 దాకా మద్రాసు రాష్ట్రంలోది. అందుకే 'అడంగల్' లాంటి అరవ మాటలు మన కరణాల దఫ్తరాల్లో స్థిరపడ్డాయి. వాటితోపాటు వచ్చిందే ఇదీ. కరణం సర్వే నంబరు చదివి, పట్టాదారు పేరు ఉండాల్సిన చోట పోరంబోకు అని చదివితే, విన్న రైతుకు అర్థమైంది ఒకటే: దీనికి అడిగే దిక్కు లేదు, దీనివల్ల సర్కారుకు పైసా రాదు. పనీపాటా లేకుండా అరుగుల మీద తిరిగే మనిషికి ఆ మాట అతికినట్టు సరిపోయింది.

సరిపోయిందని జనం అనుకున్నారు గానీ, నాకు అందులో సర్కారు చూపే కనపడుతుంది. రూపాయి రాని నేల పనికిమాలిందనేది ఖజానా లెక్క. మెట్ట ప్రాంతంలో మేకలు కాసుకునేవాణ్ణి అడిగితే ఊరికి ఊపిరి ఆ పోరంబోకే అంటాడు. కర్ణాటక సంగీత విద్వాంసుడు టి.ఎం. కృష్ణ 2017లో 'చెన్నై పొరంబోకు పాడల్' అనే పాటను ఎన్నూరు వాగు ఒడ్డున నిలబడి పాడింది ఈ సంగతి గుర్తుచేయడానికే. తిట్టును తిరిగి ఉమ్మడి ఆస్తి చేద్దామని ఆ ప్రయత్నం. పాట చాలామంది విన్నారు. బస్టాండులో తిట్టు మాత్రం తిట్టుగానే ఉంది.

'బేవార్సు' కూడా అట్లాంటి కాగితపు బిడ్డే. పారశీకంలో 'బే' అంటే లేని, అరబ్బీలో 'వారిసు' అంటే హక్కుదారు. వారసుడు లేకుండా చచ్చినవాడి ఆస్తి బేవారసు ఆస్తి, అది సర్కారుకు చేరుతుంది. ఆ మాట ఇంటికీ పొలానికీ అంటుకున్నంత కాలం మర్యాదస్తురాలే. మనిషికి అంటుకున్నాక, అడిగేవాడు లేక చెడిపోయినవాడు అన్న అర్థం వచ్చింది. 'మామూలు' అరబ్బీలో ఆచారంగా జరిగేది. పండక్కి చాకలికీ మంగలికీ ఇచ్చేది మామూలు, జాగీరులో అధికారికి ఏటేటా ముట్టజెప్పేదీ మామూలే. ఏకవచనంలో ఉన్నంతసేపు ఆ మాట సాదాసీదాగా ఉంటుంది. బహువచనం చేసి 'మామూళ్ళు' అన్నామా, ఏసీబీ వాళ్ళు రావాల్సిందే.

వీటన్నిటిలో నాకు బాగా నచ్చింది 'ముద్దాయి'. ఉర్దూలో 'ముద్దయీ' అంటే ఫిర్యాదు చేసినవాడు, దావా వేసినవాడు. ఎదుటి పక్షానికి 'ముద్దాలేహు' అని వేరే మాట ఉండేది. నోరు తిరగకనో, కోర్టు మెట్లెక్కినవాళ్ళందరూ ఒకటే అనుకునో, మనవాళ్ళు రెండో మాటను వదిలేసి మొదటిదాన్ని నిందితుడికి కట్టబెట్టారు. ఇప్పుడు తెలుగు కోర్టుల్లో, పత్రికల్లో ముద్దాయి అంటే బోనులో నిలబడ్డవాడే. ఫిర్యాదుదారును దోషిని చేసిన తీర్పు ఏ జడ్జీ ఇచ్చింది కాదు, జనం ఇచ్చింది. దీనికి అప్పీలు లేదు.

పారశీక, అరబ్బీ మాటలు ఈ మెట్టకు ఎట్లా వచ్చాయో తెలుసుకోవాలంటే ఉదయగిరి దుర్గం వైపు చూస్తే చాలు. 1514లో కృష్ణదేవరాయలు నెలల తరబడి ముట్టడించి గజపతుల చేతుల్లోంచి ఆ కోటను గెలుచుకున్నాడు. అక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపికి తీసుకుపోయి గుడి కట్టించాడు. ఆ తర్వాత నూటపాతికేళ్ళకు కోట గోల్కొండ వశమైంది. కొండ మీది మసీదులో పారశీక శాసనాలు ఆ కాలానివే. గోల్కొండ పోయాక ఆర్కాటు నవాబుల హయాం, వాళ్ళ కింద ఉదయగిరి జాగీరు. 1801లో నవాబు దగ్గర నుంచి నెల్లూరు కుంఫిణీ చేతికి వచ్చింది. దొరలు మారారు గానీ దఫ్తరం మారలేదు. జమాబందీ, జప్తు, దరఖాస్తు, తాఖీదు, హాజరు, రాజీ అన్నీ యథాతథంగా ఉండిపోయాయి. 'రైతు' కూడా అరబ్బీ నుంచి వచ్చినదేనని చెబితే మన రైతులు నమ్మరు.

కొత్తగా వచ్చిన ఇంగ్లీషు కలెక్టరుకు ఈ కలగాపులగం అర్థమయ్యేది కాదు. అతని కష్టం తీర్చినవాడు సి.పి. బ్రౌన్. ఉదయగిరి కొండలకు అవతలి కడపలో ఉద్యోగం మొదలుపెట్టినవాడు కాబట్టి కచేరీ తెలుగు ఎట్లా ఉంటుందో చెవులారా విన్నాడు. 1852లో వ్యవహారపు మాటలకు 'జిల్లా డిక్షనరీ' వేశాడు. 1854లో మిశ్రభాషా నిఘంటువు వేశాడు, తెలుగులో కలిసిపోయిన పరాయి మాటల కోసమే. పండితులు ముట్టుకోని మాటలను అకారాదిగా పేర్చి పెట్టిన ఆ పుస్తకం లేకపోతే మన వీధిమాటలకు జన్మపత్రికలు ఉండేవి కావు. ఆ బ్రౌన్ జాబులను దుమ్ము దులిపి మళ్ళీ లోకానికి చూపించినవాడు కూడా నెల్లూరు జిల్లావాడే, పాత్రికేయుడు బంగోరె. అసలు పేరు బండి గోపాలరెడ్డి.

ఇక్కడ ఒక సంవత్సరాన్ని గుర్తుపెట్టుకోవచ్చు. 1839లో కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్ కోటలో దాచిన ఆయుధాలు బయటపడి కుంఫిణీ ఆయన్ను గద్దె దించింది. ఆ వ్యవహారంలోనే ఉదయగిరి జాగీర్దారు మీదా కుట్ర నేరం పడింది, జాగీరు పోయింది. అదే ఏడు మార్చి 23న ఎక్కడో అమెరికాలో బోస్టన్ పత్రిక ఒకటి కొంటెతనంగా రెండక్షరాలు అచ్చువేసింది. 'ఆల్ కరెక్ట్' అనే మాటను కావాలని తప్పు స్పెల్లింగుతో రాసి, పొడి అక్షరాలు తీసి 'ఓకే' అన్నారు. అప్పట్లో ఆ ఊళ్ళో అట్లాంటి తప్పుడు పొడి అక్షరాలు రాయడం ఒక సరదా. తక్కినవన్నీ చచ్చిపోయాయి. మరుసటి ఏడు అధ్యక్ష ఎన్నికల్లో వాన్ బ్యూరెన్ మనుషులు ఆయన ఊరి పేరుతో కలిపి దీన్ని నినాదం చేశారు కాబట్టి ఇదొక్కటే మిగిలింది. ఉదయగిరి జాగీరు పోయి నూట ఎనభై ఏళ్ళు దాటింది. ఆ బోస్టన్ పరాచికం మాత్రం ఇప్పుడు ఉదయగిరిలో గొర్రెలు తోలుకుపోయే పెద్దాయన ఫోను పెట్టేసేముందు అనే ఆఖరి మాట.

మాటలు అటు నుంచి ఇటే రాలేదు. 1886లో హెన్రీ యూల్, ఎ.సి. బర్నెల్ కలిసి వేసిన హాబ్సన్-జాబ్సన్ అనే లావుపాటి కోశం తిరగేస్తే, మన సామాను దొరల నోళ్ళలో ఎంత ఉందో తెలుస్తుంది. అందులో 'డబ్' అని ఒక పదం ఉంది. తెలుగు డబ్బే అది. అప్పట్లో డబ్బు అంటే ఇరవై కాసుల విలువ చేసే రాగి నాణెం, అది పెరిగి పెరిగి మొత్తం ధనానికి పేరైందని రాశారు. వింతేమిటంటే ఇంగ్లండులోని ససెక్స్ పల్లెల్లో కూడా 'డబ్స్' అంటే డబ్బులేనని, 'డబ్ అప్' అంటే బాకీ కక్కడమని వాళ్ళే ఆశ్చర్యపోయారు. మన నాణెం అంత దూరం దొర్లుకుంటూ పోయిందా? ఆశపడొచ్చు గానీ రుజువు లేదు, కాకతాళీయమే కావచ్చు. అదట్లా ఉంచితే, కడప సరిహద్దు పల్లెల్లో డబ్బును డబ్బు అని కూడా అనరు. 'లెక్క ఉండాదా' అని అడుగుతారు. ఇదీ కరణం దఫ్తరంలోంచి జారిన మాటేనని నా అనుమానం.

అనుమానం లేని మాట పందికొక్కు. ఇంగ్లీషువాళ్ళకు నోరు తిరగక అది 'బాండికూట్' అయింది. 1799లో జార్జ్ బాస్ ఆస్ట్రేలియాలో మూతి పొడుగున్న చిన్న సంచిజంతువును చూసి ఆ పేరు పెట్టేశాడు. దానికీ మన పందికొక్కుకూ చుట్టరికమే లేదు. పేరు మాత్రం అంటుకుపోయింది. అక్కడి జనం దాని చుట్టూ వీధిమాటలు అల్లుకున్నారు. దిక్కులేకుండా ఒంటరిగా మిగిలినవాణ్ణి 'కాలిపోయిన గట్టు మీది బాండికూట్' అంటారు. ఇంకా సొగసైనది క్రియ. పక్కవాడి బంగాళాదుంప చేలో పైన ఆకు కదలకుండా కింద మట్టి తవ్వి దుంపలు లాక్కుపోవడాన్ని 'బాండికూట్ చేయడం' అంటారు. చెట్టు నిలబడే ఉంటుంది, కోతకు వచ్చిన నాడు గానీ రైతుకు సంగతి తెలియదు.

ఈ పనితనం ఎట్లాంటిదో సోమశిల కింద వరి పెట్టే ఆత్మకూరు రైతుకు ఎవరూ చెప్పక్కర్లేదు. పందికొక్కు గట్టుకు బొరియ పెట్టి, వెన్నులు కొరికి లోపల కొట్టు నింపుకుంటుంది. కోతలయ్యాక యానాదులు ఆ బొరియలు తవ్వి, గంపలకొద్దీ వడ్లు బయటికి తీస్తారు. రైతు దగ్గర పందికొక్కు, పందికొక్కు దగ్గర యానాది. వడ్లు మాత్రం అవే. 1996లో వచ్చిన క్రాష్ బాండికూట్ అనే వీడియోగేమ్ ఆడిన కుర్రాళ్ళలో ఆ పేరు తమ గట్టు మీదిదేనని ఎంతమందికి తెలుసో. జిల్లా పేరుకే ఇట్లాంటి ప్రయాణం ఒకటుంది. ఒంగోలు ఒకప్పుడు నెల్లూరు జిల్లాలో ఉండేది కాబట్టి, ఓడెక్కిపోయిన ఒంగోలు గిత్తల సంతతిని బ్రెజిల్‌లో ఈనాటికీ 'నెలోరె' అంటారు.

దొరలు తమలో తాము పెట్టుకున్న పేర్లూ ఉన్నాయి. మద్రాసు ప్రెసిడెన్సీలో కొలువు చేసేవాళ్ళను తక్కిన రాష్ట్రాల దొరలు 'మల్' అని ఏడిపించేవారు. మిరియాల చారు, అరవంలో మిళగు తణ్ణీర్, అది మల్లిగటానీ అయి, దాని తలకాయ మిగిలి మల్ అయింది. బొంబాయివాళ్ళు ఎండుచేప పేరుతో 'డక్'లు. నెల్లూరు కలెక్టరు ఎంత పెద్ద దొరైనా కలకత్తావాడి కంటికి చారు తాగే మల్లే. ఉత్తరాదివాళ్ళు మనకు అంటగట్టిన పేరు వేరే ఉంది. బంగాళానికి క్లైవుతో వెళ్ళిన తొలి సిపాయీల్లో తెలుగుసీమవాళ్ళున్నారు. అప్పటి నుంచి ఏ కులంవాడైనా, ఏ ప్రాంతంవాడైనా కుంఫిణీ సిపాయి అంటే ఉత్తరాదిన 'తిలంగా'. 1857లో ఢిల్లీ వీధుల్లో తిరిగిన తిలంగాలు దాదాపు అంతా అవధ్, బీహారు బిడ్డలే!

సిపాయి బారకాసుల్లోంచి తెల్ల సోల్జర్లు మోసుకుపోయిన మాటలు మొదటి ప్రపంచ యుద్ధంలో కందకాలకు చేరాయి. బక్షీసు 'బక్‌షీ' అయింది, ఉచితంగా దొరికిందని అర్థం. ఖుషీ 'కుషీ' అయింది, ఒళ్ళు అలవని ఉద్యోగం అన్నమాట. విలాయతీ 'బ్లైటీ' అయింది. మనం సీమచింత, సీమవంకాయ అంటామే, ఆ సీమ. కందకంలో సోల్జరుకు 'బ్లైటీ' తగిలిందంటే చావకుండా, అట్లాగని యుద్ధానికి పనికిరాకుండా, ఇంటికి పంపేంత గాయమైందని. తోటివాళ్ళు అసూయపడేవారట. నాసిక్ దగ్గర దేవలాలీ శిబిరంలో ఓడ కోసం నెలలు పడిగాపులు కాసి మతి తప్పినవాడికి 'డూలాలీ' పట్టిందనేవారు. ఇక 'పాల్' అనే ఇంగ్లీషు దోస్తుమాట జిప్సీల రోమానీ భాషలోని 'ఫ్రాల్'. ఆ జిప్సీలు ఎప్పుడో మన దేశం విడిచిపోయినవాళ్ళు కాబట్టి దాని మూలం సంస్కృత 'భ్రాతృ'. కాలేజీ పిల్లలు మాటకు ముందు వెనకా తగిలించే 'బ్రో'కు అది దాయాదే.

ఇట్లాంటి వంశావళులు వినడానికి ఇంపుగా ఉంటాయి, అందుకే దొంగ వంశావళులు కూడా బాగా చెల్లుతాయి. 'పాష్' అనే మాటకు ఓడ కథ ఒకటి చెబుతారు. ఇండియాకు వచ్చేటప్పుడు ఎడమ వైపు, పోయేటప్పుడు కుడి వైపు నీడపట్టు గదులు డబ్బున్నవాళ్ళకు ఇచ్చేవారని, ఆ నాలుగు మాటల తొలి అక్షరాలే పాష్ అని. అట్లాంటి ముద్ర ఉన్న టిక్కెట్టు ఒక్కటీ ఎవరికీ దొరకలేదు. మనవైపు తుర్రుంఖాను సంగతీ చూడాలి. 1857 జూలై 17న హైదరాబాదు రెసిడెన్సీ మీద దాడికి నడిచిన తుర్రెబాజ్ ఖాన్ పేరే అట్లా నిలిచిందంటారు. దాడి చరిత్రలో ఉంది, మనిషి ఉన్నాడు. మాటకూ మనిషికీ మధ్య వంతెన మాత్రం జనశ్రుతి. ఓడ టిక్కెట్టు కన్నా ఇది నయమే.

కాగితం నుంచి వీధికి దిగే మెట్లు ఇప్పటికీ అరగలేదు. 'సెటిల్మెంట్' బ్రిటిషువాళ్ళ కాలంలో పొలాలు కొలిచి శిస్తు కట్టే గంభీరమైన పని. ఇవాళ తెల్ల చొక్కా వేసుకుని స్థలాల గొడవ తేల్చేవాడి వ్యాపారం. ఎదురు మెట్లెక్కిన మాటా ఒకటుంది. 'రౌడీ' అమెరికాలో పందొమ్మిదో శతాబ్దం మొదట్లో పుట్టిన వీధిమాట, అడవి అంచున మొరటుగా బతికే మనుషులకు పెట్టిన పేరు. అక్కడ అది వీధిలోనే ఉండిపోయింది. ఇక్కడ పోలీసుల స్టాండింగ్ ఆర్డర్లలోకి ఎక్కి, రౌడీషీటు అనే పేరుతో స్టేషన్లలో ఫైలై కూర్చుంది. వీధిమాటకు సర్కారు ఉద్యోగం దొరకడమంటే ఇదే. సినిమావాళ్ళు మళ్ళీ వీధికి లాక్కొచ్చి హీరో అభిమానులకు బిరుదుగా ఇచ్చారు, అది వేరే కథ.

కచేరీ తర్వాత మాకు మాటలిచ్చినవి సినిమా, ఆర్టీసీ. 'వాడికంత సీను లేదు', 'బిల్డప్పులు ఆపు' తెర మీది నుంచి దిగాయి. ఊరి మనిషిని వెక్కిరించడానికి 'ఎర్రబస్సెక్కి వచ్చినాడు' అంటారు. నెల్లూరు బస్సు కోసం ఆత్మకూరులో ఎండలో నిలబడ్డవాడికి ఆ ఎర్రరంగు కనపడితే ప్రాణం లేచొస్తుందన్న సంగతి వెక్కిరించేవాళ్ళకు తెలియదు. ఎరుకలసాని చెప్పే సోదికి పట్టిన గతి కూడా చెప్పుకోవాలి. ఒకప్పుడు ఇంటిల్లిపాదీ చుట్టూ కూర్చుని చేయి చాచి వినేవారు. ఇప్పుడు ఎవడన్నా రెండు మాటలు ఎక్కువ మాట్లాడితే 'సోది ఆపు' అంటున్నారు.

కువైట్ నుంచి వచ్చే మాటలు వీటికన్నా కొత్తవి. పడమటి నెల్లూరు, కడప పల్లెల్లో ఏజెంటుకు అప్పుచేసి డబ్బు కట్టిన ఇంట్లో 'అకామా' అంటే ఏమిటో ముసలమ్మకు కూడా తెలుసు. ఇంటిపనికి పోయిన ఆడమనిషి 'ఖద్దామా', ఆమె పాస్‌పోర్టు దగ్గర పెట్టుకునే యజమాని 'కఫీల్'. 'ఖల్లీవల్లీ' అరబ్బుల నోట 'పోనీలే, వదిలెయ్' అనే తేలికమాట. మనవాళ్ళ నోట దానికి బరువొచ్చింది. కఫీల్‌ను వదిలి పారిపోయి, కాగితాలు లేకుండా దొరికిన పని చేసుకుంటూ దాక్కున్న మనిషి ఇప్పుడు 'ఖల్లీవల్లీ'. నవాబుల కాలంలో అరబ్బీ మాటలు కచేరీ దారిన వస్తే, ఈసారి వీసా దారిన వచ్చాయి. రెండుసార్లూ కాగితం చుట్టూనే తిరిగాయి.

ఫోన్లలోంచి దిగుతున్నవాటి ఆయుష్షు ఇంకా తెలియదు. 'రిజ్' అనే మాటను ఆక్స్‌ఫర్డ్ వాళ్ళు 2023 సంవత్సరపు మాటగా ఎంపిక చేశారు. కరిజ్మా అనే ఇంగ్లీషు మాట నడుము తుంచి తీసిన ముక్క అది. క్రికెట్ కబుర్లలో తమ ఆటగాణ్ణి 'గోట్' అని పొగిడే పిలకాయలకు, ఆ నాలుగు అక్షరాలను 1992లో మహమ్మద్ అలీ భార్య ఒక కంపెనీ పేరుగా రిజిస్టరు చేయించిందని తెలియకపోవచ్చు. సర్వకాలాలకూ మేటి అని దాని విప్పు. మేకలు మేపే ఉదయగిరి మెట్టలో ఒకణ్ణి మేక అని పొగడటం ఇంకా పూర్తిగా అలవాటు కాలేదు.

చివరగా ఫోర్‌ట్వంటీ. 1860 నాటి శిక్షాస్మృతిలో మోసానికి 420వ సెక్షను. ఆ అంకె ముదిరి మనిషి అయింది. 'వాడు ఫోర్‌ట్వంటీగాడు' అంటే ఉదయగిరిలో చదువురాని మనిషికి కూడా విడమరచి చెప్పాల్సిన పనిలేదు. అదే అంకె అమెరికాలో గంజాయికి సంకేతం. 1971లో కాలిఫోర్నియాలోని శాన్ రఫేల్ హైస్కూలు కుర్రాళ్ళు కొందరు సాయంత్రం నాలుగూ ఇరవైకి కలుసుకుని ఎవరో వదిలేసిన గంజాయి తోటను వెతకడానికి పోయేవారు. ఆ వేళే గుర్తుమాట అయింది. తోట దొరకలేదు, అంకె మాత్రం ప్రపంచమంతా తిరిగింది. మన అంకెకు వచ్చిన చిక్కు వేరు. 2024 జూలై 1 నుంచి పాత శిక్షాస్మృతి పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది, మోసం అందులో 318వ సెక్షనుకు మారింది. స్టేషన్లో రైటరు కొత్త అంకె రాస్తున్నాడు. బయట టీకొట్టు దగ్గర మాత్రం చీటీల డబ్బు ఎగ్గొట్టి పోయినవాణ్ణి త్రీ ఎయిటీన్ అని ఒక్కరూ అనడం లేదు.